మగ్గం ఆగిన రోజున మనిషిని ఎవరు తిప్పాలి?

మంచం పట్టిన మనిషి ఇంటికి వెళ్ళి, రిజిస్టరులో "సంరక్షణ సక్రమంగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టి వచ్చారు కదా, ఆ ఇంట్లో మీరు ఎంతసేపు కూర్చున్నారు?

చెప్పులు విప్పారా? వాళ్ళిచ్చిన నీళ్ళు తాగారా? రోగిని చూసుకునే ఆడమనిషి పేరు అడిగారా, లేక "రోగి భార్య" అని రాసి ఊరుకున్నారా? అరగంట కూర్చుని, అంతా అర్థమైందనుకుని, బస్సుకు వేళైందని లేచి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈ ప్రశ్న ఇంత కటువుగా అడుగుతున్నాను.

నేను నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో నర్సుగా పని చేసి రిటైరైనదాన్ని. నర్సు కాకముందు గ్రంథాలయంలో జరిగే చర్చాసభలకు వెళ్ళేదాన్ని. ముహూర్తాలు, శకునాలు, గ్రహణం నాటి పట్టింపులు వీటి మీద మైకు లేకుండానే గంటసేపు మాట్లాడేదాన్ని. అవతలివాళ్ళ నోరు మూయించడం ఒక విద్య అనుకునే వయసు అది. ఆ విద్య నా ఉద్యోగంలో ఎలా పనికిరాకుండా పోయిందో, అడగవలసింది అడగకపోవడం ఒక మనిషి ప్రాణం మీదికి ఎలా తెచ్చిందో ఇక్కడ రాస్తాను. నా బదిలీలు, ప్రమోషన్లు మీకు అక్కరలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలు, మగపిల్లలు బాలమణిని గురించి తెలుసుకుంటే చాలు.

దవాఖాన వదిలించుకున్న మనిషి

యాభయ్యో దశకం చివరి సంవత్సరాలు. పోచంపల్లికి కొన్ని మైళ్ళ దూరంలో ఒక నేతపని ఊరు. అక్కడ చంద్రయ్య అనే నేతగాడు నూలు మూటలతో ఎడ్లబండి మీద వస్తుంటే బండి తిరగబడి నడుము విరిగింది. కాళ్ళు పడిపోయాయి. నడుము కింద గిచ్చినా తెలియదు. మా దవాఖానలో కొన్ని వారాలు ఉంచుకున్నాం. ఉన్న మంచాలు తక్కువ, ఎదురుచూసేవాళ్ళు ఎక్కువ. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి" అన్నాం.

ఈ "ఇంటికి తీసుకుపొండి" అనే మాట ఎంత సులువుగా అంటామో గమనించండి. దవాఖానలో ముగ్గురం వంతులవారీగా చేసిన పని ఇంట్లో ఒక్క మనిషి నెత్తిన పెడుతున్నాం. ఆ మనిషికి ట్రెయినింగు లేదు, జీతం లేదు, డ్యూటీ దిగే వేళ లేదు. తర్వాత ఏదైనా జరిగితే కర్మ అంటాం. కర్మ అనే మాటను పూజారికన్నా ఎక్కువగా వాడింది మా వార్డుల్లోనే.

మా పెద్ద డాక్టరు మాత్రం అలాంటివాడు కాదు. హైదరాబాదులో చదివి, సగం ఉర్దూ కలిపి మాట్లాడే గరుకు మనిషి. ఇంటికి పంపిన రోగులను వారానికోసారి చూసి రమ్మని నన్ను పంపేవాడు. చంద్రయ్యను పంపే రోజున నాతో ఒకటే చెప్పాడు.

"చూడమ్మా, గీయన నడుము విరిగినందుకు చావడు. వీపు కింద పుండు పడితే చస్తడు. పుండు ఎముకకు తాకిందా, ఇగ దక్కడు. గంతే."

చంద్రయ్య బతకడమా, చావడమా అన్నది ఆ వీపు మీద, తుంటి మీద, అరచేతి వెడల్పు చర్మం మీద ఆధారపడి ఉన్నది. ఆ చర్మాన్ని కాపాడవలసింది ఆయన భార్య బాలమణి.

పన్నెండు కండెల గంప

నేను మొదటిసారి వెళ్ళిన రోజున బాలమణి నా గౌరవార్థం చంద్రయ్య కింద కొత్త బట్ట పరిచింది. మగ్గం మీదనుంచి అప్పుడే కోసిన బట్ట. గంజి పట్టి, చేత్తో తడితే అట్టలా మోగుతున్నది.

"గిదేంది బాలమణీ, గింత బిరుసు బట్ట? తోలు లేసిపోతది."

"అయ్యో, దవాఖాన నర్సమ్మ వస్తున్నదంటే పాత బొంత ఏస్తనా? ఇజ్జత్ ఉంటదా?"

మంచంలోంచి చంద్రయ్య అందుకున్నాడు. "పొద్దుగాల్నుంచి చెప్తున్న నర్సమ్మా. నన్ను బజార్ల అమ్మనీకి పెట్టినట్టు చేసింది."

వందసార్లు ఉతికి మెత్తబడిన పాత చీర పరిపించాను. తడి అయితే వెంటనే మార్చాలని చెప్పాను. ఉప్పు వేసి కాచిన నీళ్ళతో తుడవడం చూపించాను. పొద్దంతా రెండు గంటలకోసారి పక్క మార్చాలని, రాత్రి బోర్లా పడుకోబెట్టాలని చెప్పాను. బోర్లా పడుకుంటే పుండ్లు పడే ఎముకల మీద బరువు తగ్గుతుంది. అన్నీ చెప్పి, కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఆ ఇంట్లో చదువు వచ్చినవాళ్ళు లేరని తెలిసి కూడా అంటించాను. రాసి అంటిస్తే నా పని అయిపోయినట్టు అనిపిస్తుంది కదా!

తర్వాతి వారం వెళితే తుంటి మీద ఎర్రటి మచ్చ.

"రెండు గంటలకోసారి తిప్పమన్న గదా?"

"గంట ఏడున్నదమ్మా మా ఇంట్ల?" అన్నది బాలమణి. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. చంద్రయ్య పడిపోయాక మగ్గం గుంటలో ఆమే కూర్చుంటున్నది. నూలు మోసే నాడె అటూ ఇటూ పోతుంటే ఆమె లోకం అంతా ఆ బట్ట మీదే. పొద్దు ఎక్కడికి వచ్చిందో ఆమెకు తెలియదు.

ఆమే అడిగింది. "రెండు గంటలంటే ఎన్ని కండెలమ్మా?"

కండె అంటే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట. ఒక కండె అయిపోతే ఇంకొకటి వేసుకుంటారు. నా చేతికి గడియారమున్నది, ఆమె చేతిలో నాడె ఉన్నది. ఆ రోజు బస్సు వదులుకుని కూర్చున్నాను. తెగిన పోగులు ముడివేసుకునే వేళతో సహా లెక్క చూస్తే, పన్నెండు కండెలు అయ్యేసరికి రెండు గంటలకు కాస్త తక్కువే. బాలమణి ఒక చిన్న గంప తెచ్చి అందులో పన్నెండు కండెలు వేసింది. గంప ఖాళీ అయిందా, లేచి మొగుడిని తిప్పాలి. మళ్ళీ పన్నెండు వేసుకుని గుంటలోకి దిగాలి.

నేను చదివిన ఏ నర్సింగు పుస్తకంలోనూ ఇంత తెలివైన ఏర్పాటు లేదు. బడి ముఖం చూడని మనిషి, తన పనిలోంచే కాలాన్ని కొలిచే సాధనం తయారు చేసుకుంది. నేను మురిసిపోయాను. ఎర్రమచ్చ పోయింది. మూడు వారాలు వరసగా "సంరక్షణ సక్రమం" అని రాశాను.

ఆ వాడలో పెద్దవాళ్ళు బాలమణిని పతివ్రత అని పొగిడేవాళ్ళు. నేను వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు అరుగు మీదనుంచి ఆ మాట అనేవాళ్ళు. ఒకసారి బాలమణి నా చెవిలో గొణిగింది. "పతివ్రత అనే బదులు ఒక్క బిందె నీళ్ళు తెచ్చిపోస్తే పుణ్యముండు."

ఈ మాట ఇప్పటికీ నాకు గొప్ప వ్యాసంలా వినిపిస్తుంది. ఆడదాన్ని పొగిడి పని చేయించుకోవడం మన సంఘంలో చాలా పాత మోసం. "సేవ", "త్యాగం", "సతీధర్మం" అనే పెద్ద మాటలు వినపడిన ఇంట్లో సాయం చేసే చేతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. తరచుగా ఒకటే జత ఉంటుంది.

అమావాస్య

నాలుగో వారం వెళ్ళాను. గుమ్మంలోనే వాసన తెలిసింది. చంద్రయ్యను పక్కకు తిప్పి చూస్తే నడుము కింద, పిరుదుల మధ్య ఎముక మీద, అరచేతి మేర చర్మం నల్లబడి ఉన్నది. దాని మీద ఆముదం రాసి ఉన్నది.

"ఎప్పటిది గిది?"

బాలమణి తల వంచుకుంది. "అమాస నాటిది."

అమావాస్య నాడు నేతగాళ్ళు మగ్గం ఎక్కరు. ఆ పట్టింపు నాకు తెలియనిది కాదు. దాని మీద ఒకప్పుడు సభలో మాట్లాడాను కూడా. మగ్గం ఆగింది. కండెలు లేవు, గంప లేదు. పొద్దున అన్నం తినిపించి వెల్లకిలా పడుకోబెట్టిన మనిషిని సాయంత్రం దాకా ఎవరూ తిప్పలేదు.

నాకు ఒళ్ళు మండింది. వాకిట్లోకి వచ్చి, వాడంతా వినేలా మొదలుపెట్టాను. "చంద్రుడు కనవడకపోతే మగ్గం విరుగుతదా? నూలు కాలిపోతదా? గీ గుడ్డి పట్టింపులకు మనిషిని చంపుకుంటరా? ఇంకెప్పుడొస్తది మీకు బుద్ధి?"

వాదన బాగా వచ్చింది. నలుగురూ తలలు దించుకున్నారు. అలాంటి నిశ్శబ్దాన్ని సభల్లో గెలుపు అంటారు.

బాలమణి మాత్రం దించుకోలేదు.

"చంద్రునికెవరు మొక్కిన్రు నర్సమ్మా? నీకు వారానికో ఐతారం వస్తది. ఆ రోజు నువ్వు గీ దిక్కు రావు, నేనేమన్న అన్ననా? మాకు నెలకొక్కటే. గా ఒక్కదాన్ని గూడ గుంజుకుంటవా? గుంటల కూసోని కూసోని నడుము కొయ్యబారింది. అన్నం పెట్టిన, గోడకు ఒరిగిన. కన్ను అంటుకున్నది. గంతే నేను చేసిన తప్పు."

లోపలినుంచి చంద్రయ్య గొంతు వినిపించింది.

"దాన్నేమనకు నర్సమ్మా. అది పండుకున్నది, నేనే లేపలే."

లోపలికి వెళ్ళాను.

"లేపితే ఏమైతుండె చంద్రయ్యా?"

"నెల దినాల సంది అది కన్ను మూసుడు నేను చూడలే. గోడకు ఒరిగి గురక పెడుతున్నది, పిల్లి లెక్క. జర పండనీ అనుకున్న. నాకేమన్న నొప్పి తెలుస్తదా ఏంది? తెలిస్తే అరుస్తుంటి."

నొప్పి తెలియని మనిషి, అలసిన మనిషి మీద జాలిపడి, ఒక పగలంతా కదలకుండా పడి ఉన్నాడు. ఆ ఇంట్లో ఎక్కడా నిర్లక్ష్యం లేదు. మూఢనమ్మకం కూడా లేదు. ఉన్నదల్లా నా ఏర్పాటులో ఒక రంధ్రం. మనిషిని తిప్పడం మగ్గానికి ముడిపెట్టి, మగ్గం ఎప్పుడు ఆగుతుందో అడగని నర్సును నేను.

నేను కొట్టివేసిన వాక్యం

ఇంతా తెలిసినా ఏం చేశానో చెప్పాలి. దవాఖానకు తిరిగి వచ్చి రిజిస్టరులో "బంధువుల అశ్రద్ధ వల్ల పుండు" అని రాశాను. చేయి అలవాటుగా అలా రాసింది. తప్పు ఎప్పుడూ రోగి ఇంట్లోనే ఉండాలి, మన బల్ల మీద ఉండకూడదు.

పెద్ద డాక్టరు చదివాడు. కళ్ళజోడు తీశాడు.

"ఎంతసేపుంటవమ్మా ఆ ఇంట్ల?"

"అరగంట సార్. ఒకపారి బస్సు వదులుకోని రెండు గంటలున్న."

"ఆమె ఎంతసేపుంటది?"

"పగలు రాత్రి సార్."

"అమాస నాడు మగ్గాలు బందని నీకు ఎరుకేనా?"

"ఎరుకే సార్."

"మరి అశ్రద్ధ ఎవరిది? బంధువులదా?"

ఆ వాక్యం కొట్టివేసి, కింద "నా ఏర్పాటులో లోపం" అని రాసి సంతకం పెట్టాను. ఆయన దాన్ని పైవాళ్ళకు పంపలేదు, నన్ను ఎవరి ముందూ అనలేదు. మరునాడు సంచి సర్దుకుని నాతోపాటు ఆ ఊరికి వచ్చాడు. చచ్చిన చర్మం కత్తిరించి తీశాడు. లోపల వేలు పెట్టి చూసి, "ఎముక ఇంకా కప్పే ఉన్నది. కోషిష్ చేద్దాం" అన్నాడు. నా కింద పనిచేసిన పిల్లలు తప్పు చేసి వచ్చినప్పుడల్లా నాకు ఆయన అడిగిన తీరే గుర్తుకువచ్చేది. అరవకుండా, లెక్క అడిగినట్టు అడిగేవాడు. తప్పు ఎక్కడున్నదో మనమే వేలు పెట్టి చూపించేదాకా వదిలేవాడు కాదు.

ముగ్గు గీతలు

ఇక ప్రశ్న వచ్చే అమావాస్యది. ఆ రోజు కూడా నేయమని బాలమణిని అడగడానికి నాకు ముఖం లేదు. అడిగినా ఆమె వినదు. వినకపోవడమే న్యాయం.

దారి చూపింది పక్కింటి యాదమ్మ. గుమ్మానికి ఆనుకుని అంతా వింటూ, నవ్వుతూ అన్నది. "అమాస నాడు ఆడోళ్ళం ఏం చేస్తమమ్మా? అరుగు మీద కూసోని పేన్లు చూసుకుంటం. వాడంత ఖాళీయే. ఒక్కొక్కలం వచ్చి ఒక్కొక్కపారి పొర్లిచ్చిపోతే మా సొమ్మేం బోయె?"

ఎంత తేలిక జవాబు! అన్ని మగ్గాలూ ఒకే రోజున ఆగే వాడలో, ఆ రోజున పని లేని చేతులు ఎన్నో ఉన్నాయి. చంద్రుడి మీద ఉపన్యాసం ఇస్తూ ఆ చేతులను నేను చూడనే లేదు.

ఆ అమావాస్యకు నా సెలవు వాడుకుని వెళ్ళాను. ఇద్దరు మనుషులు పక్కబట్ట పట్టుకుని ఈడ్చకుండా ఎలా తిప్పాలో, మోకాళ్ళ మధ్య బొంత ఎలా పెట్టాలో, ఎర్రమచ్చ వేలితో నొక్కితే తెల్లబడుతున్నదా, లేక తెల్లబడకుండా పుండుకు దారి తీస్తున్నదా ఎలా చూడాలో యాదమ్మకు, ఇంకో ముగ్గురికి చేయించి చూపించాను. చెప్పి ఊరుకోలేదు, వాళ్ళ చేత చేయించాను. మరి వేళ ఎలా తెలియాలి? చంద్రయ్యే చెప్పాడు. గుమ్మంలోంచి ఎండ నేల మీద పడుతుంది, తనకు రోజంతా దాన్ని చూడడమే పని అని. నా గడియారం చూసుకుంటూ, ఎండ జరిగిన చోటల్లా ముగ్గుపిండితో గీత గీశాను. ఎండ గీత దాటగానే ఆయన కేక వేయాలి.

"ఓ యాదమ్మా! నీ వంతు!"

తన శరీరానికి కాపలా ఆయనకే అప్పగించాం. అంతకుముందు ఆయనను మేము మూటలాగా చూశాం. మూటను అడిగేదేముంటుంది? ఆ రోజునుంచి ఆయన మేస్త్రీ అయ్యాడు. మబ్బు పట్టిన అమావాస్య నాడు ఎండ కనిపించక అనుమానంతో మాటిమాటికీ పిలిచేవాడట. "పొద్దు లేకపోతే నీకు పండుగైంది పెండ్లికొడుకా, నలుగుర్ని తిప్పుకుంటున్నవు" అని వాడ ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆయన కూడా ఊరుకునేవాడు కాదు. "మెల్లగ తిప్పుండ్రి, పంచెల మడత అనుకున్నరా?" అనేవాడు.

అమావాస్య నాడు బాలమణి ఎక్కడ ఉండేదంటే, యాదమ్మ ఇంట్లో తలుపేసుకుని నిద్రపోయేది. కేకలు వినపడితే లేచి వస్తుందని యాదమ్మే ఆమెను వెనక అర్రలో పడుకోబెట్టేది.

పుండు మానడానికి ఆరు అమావాస్యలు పట్టింది. ఒకసారి జ్వరం వచ్చి ఆయన దక్కడేమో అనిపించింది. ఆ వారం నేను మూడుసార్లు వెళ్ళాను. చివరికి అంచులు దగ్గరయ్యాయి, గులాబి రంగు తోలు వచ్చింది. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. ఛాతీ కింద బొంత చుట్ట పెట్టుకుని, బోర్లా పడుకుని, రాట్నం మీద కండెలు చుట్టేవాడు. బాలమణి నేసిన ప్రతి బట్టలోనూ ఆయన చేయి ఉన్నది.

గొర్లు ఈనే దినాలు

అరవయ్యో దశకంలో నన్ను మహబూబ్‌నగర్ జిల్లాకు పంపారు. జడ్చర్ల నుంచి ఊళ్ళకు తిరిగేదాన్ని. అక్కడ గొర్లు కాచే ఒక కుటుంబంలో ముసలవ్వకు పక్షవాతం. కోడలు చూసుకుంటున్నది. ఈసారి నేను వీపు చూడడంతో ఆగలేదు. గోడకు కాగితం అంటించలేదు. మొదట కూర్చుని అడిగాను.

"నీ పని ఆగే రోజేది బిడ్డా?"

కోడలు నవ్వింది. "గొర్లోళ్ళ పని ఆగుతదా అమ్మా? గొర్లు ఈనే దినాలల్ల ఇంకింత ఎక్కువైతది. గొర్రెపిల్లల్ని పట్టుకోని ఆవలనే ఉంట. అవ్వకు నీళ్ళియ్యనీకి గూడ పురుసత్ ఉండదు."

నేతవాళ్ళ ఇంట్లో పని ఆగిన రోజున ప్రమాదం వచ్చింది. ఇక్కడ పని పెరిగిన రోజుల్లో వస్తుంది. ప్రతి ఇంటికీ ఒక రంధ్రం ఉంటుంది, అది పక్కింటి రంధ్రం లాంటిది కాదు. ఆ దినాలకు ముందే అవ్వ కూతురిని పక్క ఊరినుంచి పిలిపించుకున్నారు. అవ్వ వీపు మీద గీత కూడా పడలేదు. నేను చేసింది ఒక్క ప్రశ్న అడగడమే. మిగతాది వాళ్ళే చేసుకున్నారు.

ఇంత ఉద్యోగంలో నేను చూసిన మంచి సంరక్షణ దాదాపు అంతా చదువు లేని చేతులే చేశాయి. దవాఖాన గొప్పది కాదని అనడం లేదు. మందు, కత్తి, శుభ్రమైన కట్టు లేకపోతే చంద్రయ్య బతికేవాడు కాదు. అయితే వారంలో అరగంట మనది, మిగతా వేళంతా వాళ్ళది. ఆ మిగతా వేళ భద్రంగా గడుస్తుందా లేదా అన్నది, చూసుకునే మనిషి ఒంట్లో ఓపిక ఎంత మిగిలిందన్న దాని మీద ఉంటుంది. అలసిన మనిషి తప్పు చేస్తుంది. ఇది నీతి కాదు, శరీర ధర్మం. పతివ్రత శరీరమైనా అంతే.

కాబట్టి, ఈ పనిలోకి వచ్చిన బిడ్డలారా, రేపు మీరు వెళ్ళే మొదటి ఇంట్లో రోగి నాడి చూసిన తర్వాత, చూసుకునే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె పేరు అడిగి రాసుకోండి. ఆమెకు సెలవు ఏ రోజో అడగండి. "నాకేం సెలవమ్మా" అని ఆమె నవ్వితే, మీరు నవ్వకండి. ఆ వాడలో నాలుగు తలుపులు తట్టండి. ఆమె బదులు చేసే చేతులను వెతికి, వాటికి పని నేర్పి, ఆమె పడుకోబోయే రోజు ఫలానా అని ఖాయం చేయండి. అది ఖాయమయ్యేదాకా ఆ ఇంటి పేరు ఎదురుగా "సక్రమం" అని రాయకండి.